పాలికి మేక

సంఘం పుస్తకంలో నాలుగో పేజీ నాది.
వీరవేణి, భర్త లేరు, భూమి లేదు,
పడవల రేవు పక్క పూరిల్లు,
మేక ఒకటి, నల్లది, చెవి మీద తెల్ల మచ్చ.
అప్పు గడిలో రూపాయలు రాయలేదు.
రాసింది ఒక్క ముక్క:
మొదటి ఆడపిల్ల గన్నెమ్మకి.

సంతకం పెట్టమంటే పెట్టాను.
అప్పటికి గన్నెమ్మకీ నాకూ మాటల్లేవు,
కుళాయి దగ్గర బిందెలు పగిలిన నాటి నుంచి.

మా అమ్మ కాలంలో ఆసామి మేకని పాలికిచ్చేవాడు.
పుట్టినవాటిలో సగం ఆయనవి,
చచ్చినవన్నీ మావి.
ఇప్పుడేమో పాలు పక్కింటికట,
ఇదేం లెక్కో అనుకున్నాను.

గేదెకి చిట్టు కావాలి, తౌడు కావాలి, తాడు కట్టడానికి సొంత జాగా కావాలి.
మేకకి ఎవరిదీ కాని దారి చాలు.
ఏటిగట్టు మీద తుమ్మకాయలు,
అరటి తోటలో నరికి పారేసిన ఆకు,
దడి మీంచి వంగిన అవిసె కొమ్మ.

మేకపాలా, అని నవ్వారు.
టీకొట్టు సూరిబాబు గ్లాసు ముక్కు దాకా ఎత్తి
మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.
మా చిన్నాడికి ముక్కు పట్టింపు లేదు.
తెల్లారి గంప ఎత్తి పిల్లల్ని వదిలే ముందే
చెంబు కింద నోరు తెరిచి కూర్చునేవాడు.
అంగన్‌వాడీ కార్డులో ఎర్రగీత కింద పడుకున్న చుక్క
సంక్రాంతి వెళ్లాక ఒక నెల
లేచి కూర్చుంది.

మొదటి ఈత రెండూ పోతులే.
అయ్యో అన్నాను పైకి.
లోపల మాత్రం, హమ్మయ్య.
ఒకదాన్ని అమ్మి కప్పు మీద రేకులు వేయించాను.

రెండో ఈత జ్యేష్ఠంలో. ఆడపిల్ల.
మెడ కింద రెండు చన్నులు వేలాడుతూ.
గన్నెమ్మ దడి అవతలి నుంచి చూసింది.
నేను చూడనట్టు నీళ్లు తోడాను.

శ్రావణంలో ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక.
లంక మీదికి ఎర్రనీళ్లు, వాటి మీద ఎవరివో కొబ్బరికాయలు.
పడవలో మనుషులకే చోటన్నాడు సరంగు.
తల్లిమేకని నేను కాళ్ల మధ్య ఇరికించాను.
పిల్ల ఏదని వెనక్కి చూస్తే
గన్నెమ్మ ఒళ్లో, చీర చెంగు కింద, మూతి మాత్రం బయట.
ఎవరిదే అది, అని సరంగు కసిరాడు.
నాదేనండి, అంది.
నాకు ఒళ్లు మండింది.
నోరు మాత్రం లేవలేదు.

గట్టు మీద టార్పాలిన్ కింద నాలుగు రాత్రులు.
పనికిరానిదాన్ని మేక మెడ చన్నంటారు కదా,
ఆ చీకట్లో, కరెంటు లేని ఆ వానలో,
పది కొంపల మేకపిల్లల మధ్య తడిమి తడిమి
దాన్ని పోల్చుకున్నది ఆ రెండు చన్నులతోనే.
తల్లి దగ్గరికి తెచ్చాను. చేపింది.
మా చిన్నాడికి సగం చెంబు,
మిగతా సగం గన్నెమ్మ మనవరాలికి.
ఎవరూ అడగలేదు, ఎవరూ ఇచ్చినట్టు చెప్పుకోలేదు.

నీళ్లు తీశాక ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు.
రావులపాలెం బేరగాడు వచ్చి అయిదు వేలన్నాడు పిల్లకి,
ఆయ్, ఇప్పుడే చేతిలో పెడతానండి, అన్నాడు.
నోటు మీద నోటు లెక్కపెడుతుంటే
నా కళ్లు ఆ వేళ్ల మీదే ఉన్నాయి, అబద్ధం ఎందుకు.
రేపు రమ్మన్నాను.
ఆ రాత్రే పలుపు ఊడదీసి
గన్నెమ్మ గుంజకి కట్టి వచ్చేశాను,
తలుపు కొట్టకుండా.
తెల్లారితే నా మనసు మారుతుందని నాకు తెలుసు.

మూడు రాత్రులు తల్లి అరిచింది.
అటు నుంచి పిల్ల అరిచింది.
మధ్యలో నేను నిద్ర లేకుండా.

ఇప్పుడు పుస్తకంలో అయిదో పేజీ గన్నెమ్మది.
మొదటి ఆడపిల్ల ఎవరికో చదివి వినిపిస్తే
ఆవిడకా, అని మూతి తిప్పింది.

నా మేక రోజూ సాయంత్రం మేత నుంచి వస్తూ
వాళ్ల దడి దగ్గర ఆగిపోతుంది.
ఆగి ఊరుకోదు.
గన్నెమ్మ గోంగూర మడి సగం అయింది.
నిన్నటి నుంచి మళ్లీ మాటల్లేవు మాకు.